మొదట కనబడే ముఖం

చిరంజీవి ఓదెలుకు, కార్వాన్ నుండి అమ్మ కాశమ్మ దీవించి, ఎవరితోనూ రాయించక తానే రాస్తున్న ఉత్తరం. ఇక్కడ బాపు, నేను, బర్రెలు క్షేమం. భిలాయిలో నువ్వు, కోడలు చల్లగా ఉండాలని మొక్కుతున్నాను.

బాపు దగ్గు తగ్గిందా అని అడిగావు. దగ్గు తగ్గింది, బీడీ తగ్గలేదు. ఇక నువ్వు అడిగిన అసలు మాట. అక్క బిడ్డ కళ్లను ఆ లలిత పాడుచేస్తోందని నేను రాస్తే, సెలవు పెట్టి వచ్చి స్వరూపను మన ఇంటికి తెచ్చేయనా అన్నావు. దానికి జవాబు రాయలేకనే ఇన్నాళ్లు ఆగాను.

స్వరూపకు పుట్టుకతోనే కళ్లలో పొరలని ఆపరేషన్ చేశారు కదా. సీసా అడుగుల్లాంటి అద్దాలతో పెరిగింది. కంట్లో పెట్టే లెన్సులు వచ్చేసరికి నా చంద్రమ్మ మట్టిలో కలిసింది. మీ బావ వైకుంఠం మళ్లీ చేసుకున్న లలితే, చాంద్రాయణగుట్ట ఇంట్లో రోజూ పొద్దున వాటిని కడిగి పెడుతుంది. పెట్టేదాకా పిల్లకు లోకమంతా మసక. పెట్టగానే తేటగా కనబడే మొదటి ముఖం లలితది. కన్నతల్లి ముఖం ఒక్కనాడైనా ఆ పిల్లకు అట్లా కనబడలేదు. అది తలచుకుంటే నాకు ముద్ద దిగదు.

బోనాలకు పిల్ల మన ఇంటికి వచ్చింది. లలిత డబ్బీ, మందు సీసా ఇచ్చి ఎట్లా కడగాలో చెప్పబోయింది. "ఇద్దరు పిల్లల్ని సాదిన. నాకు జెప్పకు" అన్నాను. పొద్దున పాలు పిండి వచ్చి, చేతులు నీళ్లతో జాడించి లెన్సులు పెట్టాను.

"అమ్మమ్మా, అంత పొగ పొగ కొడుతుందే" అన్నది స్వరూప.

తీసి, ఉమ్ముతో తడిపి, కొంగుతో తుడిచి మళ్లీ పెట్టాను. దిష్టి తగలొద్దని కాటుక కూడా దిద్దాను. మరునాటికి కళ్లు ఎర్రబడ్డాయి. లలిత వచ్చి పిల్లను తీసుకుపోయింది. ఆ రోజే నీకు ఉత్తరం రాశాను.

ఎరుపు తగ్గాక, మొన్న వాళ్లతో కంటి దవాఖానకు నేనూ పోయాను. లెన్సుల సంగతి నేర్పే సిస్టర్, ఆనాటినుంచి పెట్టకుండా డబ్బీలోనే ఉన్న వాటిని వెలుతురుకు పెట్టి చూసింది.

"గింత జిడ్డు యాడిదమ్మా? ఎవరు కడుగుతున్నరు?"

"నేనే సిస్టర్. చేతులు మంచిగ కడుక్కోలే" అన్నది లలిత.

ఆఖరికి తప్పు కూడా ఆమే తీసుకుంది, ఓదెలూ. పిల్లదాని విషయంలో నాకేదీ మిగల్చదా అని ఒళ్లు మండింది. "ఆమె గాదు, నేను. పాలు పిండిన చేతులతోని" అన్నాను.

పొదుగుకు వెన్న రాసి పిండే చేతులు మనవి. ఆ జిడ్డు వట్టి నీళ్లకు పోతుందా? సిస్టర్ సబ్బుతో కడిగించి, వాసన చూసి, "పెద్దమ్మా, నీ చేతులింక బర్రె కాడనే ఉన్నయి" అని మళ్లీ కడిగించింది. గోళ్లు తీయించింది. తుడుచుకుందామని కొంగు పట్టుకుంటే చెయ్యి లాగేసింది. లెన్సును అరచేతిలో పెట్టి, మందు చుక్క వేసి వేలికొనతో మెల్లగా రుద్దాలట. డబ్బీలో నిన్నటి మందు పారబోయాలట. "ఉమ్ము, నల్లా నీళ్లు తగలనియ్యకు. పిల్ల కన్ను పోతది" అన్నది.

ఇప్పుడు నీకు చెప్పవలసింది చెబుతాను. ఉత్తరం రాసేనాడే నాకు తెలుసు, ఆ కళ్లు నా చేతిలోనే ఎర్రబడ్డాయని. లలితను చూసి ఓర్వలేక రాశాను. పిల్లను తేవడానికి నువ్వు రావద్దు.

సిస్టర్ ముందే ఆ రోజు లెన్సులు నా చేత్తో పెట్టాను. స్వరూప కళ్లు టపటపలాడించి నన్ను పట్టి పట్టి చూసి, నా గడ్డం మీద వేలు పెట్టింది.

"అమ్మమ్మా, నీ గదువ మీద పుట్టుమచ్చ ఉన్నదేందే? ఫోటోల అమ్మకు ఉన్నట్టే."

లలిత ముఖం పక్కకు తిప్పుకుంది. ఓర్వలేనిది నేనొక్కదాన్నే కాదని అప్పుడు తెలిసింది.

ఇకమీదట ఆదివారం పాలు బాపు పిండుతాడు, నేను మొదటి బస్సుకు చాంద్రాయణగుట్ట పోతాను. నా గోళ్లు చూసిగాని పిల్ల దగ్గరికి రానివ్వనన్నది లలిత. చూడనీ. మిగిలిన పొద్దులన్నీ ఆమెవే. ఆ ఒక్క పొద్దు నాది.

ఇట్లు,
చంద్రమ్మను, నిన్ను కన్న అమ్మ,
కాశమ్మ