చిలుము పట్టని హారన్

ప్రశాంతక్కకు,

నానక్‌రామ్‌గూడలో మన నాయిన నడిపిన షేర్ ఆటోను అరచేతిలో పట్టేంత బొమ్మగా చేస్తున్నానని చెప్పాను కదా. దాని హారన్‌కు ఇత్తడిలా మెరిసే రంగు వేసి, పాతబడినట్టు కనిపించాలని దానిమీద పచ్చటి చిలుము దిద్దాను. ఇక వార్నిష్ వేయడమే మిగిలింది. రంగు ఆరుతుందని అక్కడే పెట్టి రాయదుర్గంలో ఆఫీసుకు వెళ్లాను.

తిరిగొచ్చేసరికి అమ్మ దాన్ని చింతపండుతో తోమేసింది! నేను దిద్దిన చిలుమంతా పోయి హారన్ ధగధగలాడుతోంది. గట్టిగా అరిచాను.

"ఏందిరా గట్ల మొత్తుకుంటున్నవ్? మీ నాయిన పొద్దుగాల లేసి హారన్ తోమందే బండి తీయకపోతుండె. దానికి చిలుమెప్పుడు పట్టింది?" అంది అమ్మ.

నేను బొమ్మను చేతిలోకి తీసుకుని ఆ హారన్‌ను మళ్లీ చూశాను. అక్కా, నాకు గుర్తున్నది నాయిన పోయాక వాకిట్లో తుప్పుపట్టిన ఆటో ఒక్కటే. నువ్వు ఆయన పక్కన కూర్చుని దాంట్లో బడికి వెళ్లినదానివి. అప్పుడు ఆ బండి ఎట్లా మెరిసేదో రాసి పంపు. అందాకా వార్నిష్ వేయను.

నీ తమ్ముడు