బతికున్న నాయిన ఫొటోకు దండ

సుచిత్ర చౌరస్తా,
ఆగస్టు 3

నాయినకు జైపాల్ దండం పెట్టి రాస్తున్నది.

డిగ్రీ చివరి పరీక్షలు వదిలేసి సినిమా షూటింగ్‌కు పోయానని, పాసయ్యేదాకా నాతో మాట్లాడనని నువ్వు కట్టమైసమ్మ మీద ఒట్టేసి పద్నాలుగు నెలలైంది. ఫోన్ చేస్తే అమ్మే ఎత్తుతుంది. ఉత్తరానికైతే ఒట్టు అడ్డురాదు కదా, అందుకే ఇది.

సినిమా పూర్తయింది. నేనే హీరోను. పేరు 'నాయినను తోలుకరా'. ఇంటర్ పిల్లల అల్లరి, అంతా నవ్వులాట. నెలాఖరుకు మేడ్చల్‌లో ఆడుతుంది. నువ్వొచ్చి చూస్తే చాలు నాకు.

నీ కొడుకు,
జైపాల్

తా.క. గోడ మీది నీ ఫొటో కనిపించడం లేదని అమ్మను తిట్టకు. నేనే పట్టుకొచ్చాను. సినిమాలో పెట్టాం.

షామీర్‌పేట,
ఆగస్టు 9

చిరంజీవి జైపాల్‌కు ఎంకయ్య దీవెనలు.

ఒట్టు నోటికేగాని చేతికి కాదు, కాబట్టి రాస్తున్నాను. నా కోపం అట్లనే ఉంది. చేపలు పట్టే బతుకు నాతోనే ఆగాలని చెరువులో మెడలోతు నీళ్లలో నిలబడి నిన్ను చదివించాను.

అయినా ఫొటో సంగతి మన మత్స్యకారుల సంఘంలో ఊరికే ఒక మాట అన్నాను. "ఎంకన్న సినిమాల పడ్డడు" అని నాతోనే అందరికీ చాయ్ తాగించారు.

ఇట్లు,
మీ నాయిన

తా.క. ఫొటో ఎక్కడ పెట్టారు? మీ అమ్మ బాలమణి "పోలీస్ ఠాణాల పెట్టిన్రేమో అడుగు" అంటున్నది.

సుచిత్ర,
ఆగస్టు 13

నాయినకు దండం.

ఠాణాలో కాదు. హీరో ఇంట్లోనే, నడింట్లో గోడకు. రోజూ పూలు వేస్తారు. ఇంతకన్నా ఇప్పుడు చెప్పొద్దని డైరెక్టర్ మాట.

జైపాల్

తా.క. దీపం కూడా పెడతారు.

షామీర్‌పేట,
ఆగస్టు 24

జైపాల్‌కు,

దీవెనలు ఈసారి లేవు.

చేపపిల్లల కోసం నేను కైకలూరు పోయాను. మీ అమ్మ పుట్టింటికి పోయింది. నా ఫోన్ నీళ్లలో పడింది. సరిగ్గా అప్పుడే నీ సినిమా ట్రైలర్ అందరి ఫోన్లలోకి వచ్చింది. ట్రైలర్‌లో నా ఫొటోకు దండ, ఇంటికి తాళం. ఊరికి ఇంకేం కావాలి!

నేను తిరిగొచ్చేసరికి నాగారం నుంచి మీ మేనత్త శివమ్మ ఆటో దిగి, వాకిట్లో శోకం పెడుతున్నది. "ఎవలు పోయిన్రే శివమ్మా?" అని వెనక నుంచి అడిగాను. తిరిగి చూసి దబ్బున పడింది. నీళ్లు చల్లితే లేచి, నన్ను గిల్లి చూసి, మళ్లీ పడింది.

చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు, "ఎంకయ్యకు అశ్రు నివాళి" అని. నాకు సంతాపంగా సంఘం రెండు రోజులు వేట బంద్ పెట్టింది. నేను వలతో పోతే నన్నే ఆపారు. "బతికే ఉన్న గదరా" అంటే, "తీర్మానం అయిపోయింది ఎంకన్నా, ఎవ్వల్నీ దిగనియ్యం" అన్నారు.

నవ్వులాట కాదిది. మాట్లాడని నాయిన చచ్చినట్టేనని అనుకున్నావా? మనసు విరిగింది. నీ సినిమా చూడను.

ఎంకయ్య

తా.క. ఆ ఫ్లెక్సీలో ఇరవై మంది లీడర్ల ఫొటోలున్నాయి. అన్నింటికన్నా చిన్నది నాది.

సుచిత్ర,
ఆగస్టు 27

నాయినా, నీ కాళ్లు పట్టుకుంటున్నాను.

కథ ఇది. "మీ నాయినను తోలుకరా" అని కాలేజీలో గద్దిస్తారు. హీరోకు భయం. నాయిన పోయాడని అబద్ధమాడి, గుండు గీయించుకుని, ఫొటోకు దండేస్తాడు. చివరికి తప్పు తెలిసి ఆ ఫొటో ముందే ఏడవాలి.

మొదట ఎవరిదో ఫొటో పెట్టారు. పంతొమ్మిది సార్లు తీసినా నాకు ఏడుపు రాలేదు. "వేరే పిల్లగాణ్ణి చూద్దాం" అన్నాడు డైరెక్టర్. అప్పుడు నీ ఫొటో తెచ్చాను. ఒక్కసారికే అయిపోయింది. నాకు దండ కనపడలేదు నాయినా. మాట్లాడని నీ మొఖమే కనపడింది.

టికెట్ ఇందులోనే పెట్టాను. రాకపోయినా చింపకు.

జైపాల్

తా.క. అది ప్లాస్టిక్ దండ.

షామీర్‌పేట,
సెప్టెంబర్ 6

బిడ్డా జైపాల్,

మ్యాట్నీకి పోయాను. కోపం తగ్గి కాదు, టికెట్ ఖరాబవుతుందని. నవ్వొద్దనే కూర్చున్నాను గాని, నువ్వు గుండుతో లెక్చరర్ ముందు నిలబడి దొంగ ఏడుపు ఏడ్చినప్పుడు పొట్ట పట్టుకున్నాను.

తర్వాత ఆ ఫొటో వచ్చింది. దాని ముందు కూలబడి "ఒక్క మాట మాట్లాడరాదు నాయినా" అని నువ్వు ఏడుస్తుంటే, అది సినిమా అన్నదే మరిచిపోయాను. లేచి నిలబడి గట్టిగా అరిచాను.

"ఏడువకురా జైపాలూ! నేనీడనే ఉన్న!"

హాలంతా వెనక్కి తిరిగింది. తెర మీద దండలో నేనే, కుర్చీల మధ్య నేనే. ఒకామె కెవ్వుమని కేక పెట్టింది. మిగిలినవాళ్లు ఈలలేశారు.

డిగ్రీ నువ్వు పాస్ కాలేదు. ఒట్టులో నేను ఫెయిలయ్యాను. కట్టమైసమ్మకు కోడినిచ్చి తప్పు ఒప్పుకున్నాను. ఫోన్‌లో ఇదంతా చెప్పగలనో లేదోనని ముందుగా ఇది రాస్తున్నాను. మస్తు చేశావు కొడకా. పరీక్షలు మాత్రం రాయాలి.

నీ మీద పాణం పెట్టుకున్న,
నాయిన

తా.క. రోజూ మ్యాట్నీకి వచ్చి అక్కడే లేచి అట్లనే అరవమని థియేటర్ మేనేజర్ బతిమాలాడు. "కుదరదు సార్, గా టైంకు నా కొడుకుతోని ఫోన్ల మాట్లాడేదుంది" అన్నాను.