నాయనమ్మ కాపలా కూర్చోలేదు

చిరంజీవి అమ్మాయికి నాన్న దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ అమ్మా కులాసాగానే ఉన్నాం. కులాసాగా లేనిది నీ కొత్త పాట ఒక్కటే.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. అది నడుస్తోంది, దాని వెనక నేనూ నడుస్తున్నాను. కొట్టుకి ఇంకా వెళ్తున్నావా అన్నావు. వెళ్లకపోతే రేకులు వాటంతటవే డబ్బాలవుతాయా? నా అక్షరాలు నీకు తెలిసినవే, కూడబలుక్కుని చదువుకో. ఫోన్లో అయితే నా నోరు తప్పించుకుంటుంది.

పాట సంగతి. పదిహేనేళ్లు నా కొట్లో కత్తిరించిన రేకుల్ని స్టేజీ ఎక్కించి, వాటి మీద సుత్తులూ రంపాలూ పెట్టి వాయించావు. సగం మంది చెవులు మూసుకుని లేచిపోయేవారు. నేను చివరిదాకా కూర్చునేవాణ్ణి. "మేస్త్రీ, మీ అమ్మాయి వాయిస్తోందా, సామాను సర్దుతోందా?" అని పక్క కొట్టు వెల్డరు వేళాకోళమాడితే, "రేకు మాట్లాడితే నీకు వినబడదులేరా" అన్నాను. ఇప్పుడు గిటారు తగిలించుకుని, వెనక డ్రమ్ములు పెట్టించుకుని, అందరూ చేసే రాక్ సంగీతమే నువ్వూ చేస్తున్నావు. ఆడవాళ్ల కష్టాలు, ఆడవాళ్ల కోపం. నువ్వు స్టేజీ మీద పాడింది ఫోన్లో చూసి వెల్డరు కూతురు రోజంతా అదే పాడుతోందట. వాడిప్పుడు పిలిచి మరీ నాకు టీ ఇప్పిస్తున్నాడు. ఆ టీ నాకు గొంతు దిగడం లేదు.

రాక్ మీద నాకు కోపం లేదు. భయం. మోత ఎవరి పేరూ చెప్పదు. మాట చెబుతుంది.

మీ అమ్మ బట్టల ఫ్యాక్టరీలో కుట్టే రోజుల్లో, ఆడవాళ్ల యూనియను మీటింగులో పాడటానికి బయల్దేరితే, నాయనమ్మ తలుపుకి వీపు ఆనించి కూర్చుని కదలనివ్వలేదని పాడావు. "కాపలా ముసలిదానా" అని నువ్వు అరిస్తే జనమూ అరుస్తున్నారు. నాలుగొందల మంది నా తల్లిని తిడుతున్నారు.

అప్పుడు నీకు ఆరేళ్లు. చూసింది నిజమే. అర్థం చేసుకున్నదే తప్పు.

తాళం బయట వేసి ఉంది. వేసింది నేను. పెళ్లాం మైకు ముందు నిలబడితే కొట్టు దగ్గర తలెత్తుకోలేననుకున్నాను. నువ్వు జ్వరం మందు మత్తులో పడుకున్నావు. మీ ముగ్గురినీ లోపల పెట్టి తాళమేసి పనికి పోయాను. నాయనమ్మ ఆ రేకు తలుపుని మోచేతులతో బాదిందట. "ఒరేయ్, తియ్యరా! దాని పాట దాన్ని పాడుకోనియ్యరా!" అని. ఓపిక చచ్చి అక్కడే కూలబడింది. నువ్వు లేచి చూసింది ఆ కూలబడటాన్ని. నాయనమ్మ పోయేదాకా నాతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. అయినా నా పేరు నీ దగ్గర ఎత్తలేదు. కొడుకుని కదా. మీ అమ్మ మళ్లీ పాడలేదు.

నీ పాట విన్న మర్నాడు మీ అమ్మ మిషను మీద నుంచి తలెత్తకుండా అంది: "ఏమయ్యా, నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? నేను చెబితే చాడీ అవుతుంది."

శుక్రవారం రికార్డింగు అన్నావు. ఆలోగా మార్చు. ముసలిదాన్ని తీసేసి నన్ను పెట్టు. నాన్న అనే రాయి, మెత్తగా రాయకు. వచ్చే కచేరీకి ముందు వరసలో కూర్చోమని పిలిచావు. మారిస్తే వస్తాను, ఎంతమంది తిట్టినా విని కూర్చుంటాను. మార్చకపోతే మీ అమ్మ ఒక్కతే వస్తుంది.

ఇదంతా మీ అమ్మకి చదివి వినిపించాను. "అన్నీ రాశావు. తప్పు చేశానని ఎక్కడా లేదేం?" అంది. ఆ మాట నీకు రాసేది కాదు. ముప్ఫై ఏళ్లుగా ఆవిడకి బాకీ పడ్డ మాట. ఎదురుగానే కూర్చుని సూదికి దారం ఎక్కిస్తోంది. కవరు అంటించేశాక నాకు ఇంకే పనీ ఉండదు.

ఇట్లు,
గొంతు సవరించుకుంటూ,
మీ నాన్న