మెట్ల వైద్యం

చెల్లాయికి ఆశీస్సులు. ఇక్కడ తల్లీబిడ్డా కులాసా.

నిండు నెలల్లో నీ మేనకోడలు తుంటినొప్పితో కుంటుతుంటే, "ఒట్టి సుకుమారం! మెట్లెక్కితే అదే పోతుంది" అన్నావు. ఎముక పలచబడిందేమోనని నేనంటే పుస్తకాల పిచ్చి అన్నావు. కాన్పయ్యాక స్కానింగ్ చూసి డాక్టరమ్మ నా మాటే చెప్పింది. నాలుగు నెలలు ఆ కాలిమీద బరువు మోపనివ్వక, కాల్షియం మాత్రలిచ్చి నయం చేసింది.

నిన్న అమ్మాయి చేతికర్ర వదిలేసి, మొదటిసారి పాపనెత్తుకుని వీధి గుమ్మందాకా నడిచింది.

"పడతావే!" అన్నాను.

"నువ్వు పడకు నాన్నా!" అంది.

ఆనందంతో గెంతాను, మడమ బెణికింది. ఇప్పుడా కర్ర నాది.

నీ మంచంకోడు కింద ఎత్తు కోసం పెట్టుకున్న నా వైద్యగ్రంథం దుమ్ము దులిపి పంపు. పాపది అచ్చం నీ ముక్కే, అయినా ముద్దుగానే ఉంది. బావగారికి నమస్కారాలు. నా మడమకు మాత్రం మెట్లు ఎక్కమనకు.

అన్నయ్య