కోక్-తాష్ రాళ్ళవాలు

జూన్ 3

రేస్‌కి పేరిచ్చేశాను. ఇరవై రెండు కిలోమీటర్లు, మధ్యలో కోక్-తాష్ కనుమ. ఆరు గంటల్లో చేరకపోతే లెక్కలోకి రారు. బడి లైబ్రరీలో పుస్తకాలు సర్దుతూ సర్దుతూ ఫోన్లో నొక్కేశాను. నొక్కాక చెమటలు పట్టాయి.

ఇంట్లో ఇంకా చెప్పలేదు.

జూన్ 4

చెప్పాను. ఎర్మెక్ రొట్టె నమలడం ఆపేశాడు. పెళ్ళాన్ని ఆ కోక్-తాష్ మీంచే కదా గుర్రం మీద కట్టి దింపుకొచ్చాను అన్నాడు. నిజమే. రెండేళ్ళ క్రితం తప్పిపోయిన గుర్రం కోసం వెళ్ళి ఆ రాళ్ళవాలులో జారాను. చీలమండలో ఇప్పటికీ ప్లేటు, ఆరు స్క్రూలు. ఎముక అతికింది. భయమే అతుక్కుపోయింది. ఎంత కొండైనా ఎక్కుతాను, దిగాలంటే మోకాళ్ళు బిగుసుకుపోతాయి.

అత్తయ్య టీ పోస్తూ, గెలిస్తే ఏమిస్తారని అడిగింది. టైంలో చేరితే అందరికీ మెడల్ అన్నాను.

"పాలిస్తుందా అది?" అంది.

జూన్ 11

ఊరి వెనక గుట్ట. ఎక్కడానికి నలభై నిమిషాలు, దిగడానికి గంటంబావు. చివర్లో కూర్చుని జరుగుతూ దిగాను. పాంటు వెనక చిరిగింది. కింద అత్తయ్య ఆవుని పట్టుకుని నిలబడి అంతా చూసింది. ఆవుని తోలుకుని ఇంటికెళ్ళిపోయింది.

జూన్ 12

అత్తయ్య ఇవాళ అంది. నువ్వు దిగుతున్నావా, కొండని బతిమాలుతున్నావా అని.

తర్వాత రబ్బరు జోళ్ళు తొడుక్కుని నన్ను గుట్ట మీదికి లాక్కెళ్ళింది. ఆమెకి అరవై ఆరు. ముప్పై వేసవులు ఈ కొండల్లో గొర్రెలు కాసిన మనిషి. "రాయి కదుల్తుందే అమ్మాయ్. కదలనీ. నువ్వూ దాంతో కదులు. బిగుసుకున్నావా, పడ్డట్టే. కాళ్ళకేసి చూడకు, అవెక్కడికీ పోవు." అని, బస్తాలోంచి పిండి జారినట్టు జారిపోయింది. అక్కడ కింద నిలబడి నడుం మీద చెయ్యేసుకుంది.

నేను ఐదడుగులు వేశాను. ఆరోది వెయ్యలేక కూర్చున్నాను.

జూన్ 20

ఇరవై అడుగులు.

జూలై 2

గుట్ట మొత్తం. కూర్చోకుండా. గొర్రె కంటే నెమ్మదే, మనిషికి చాల్లే అంది అత్తయ్య.

జూలై 9

ఎర్మెక్ నా పాత ఎక్స్-రే తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెళ్ళొద్దనలేదు. పెట్టి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య వచ్చి, తీసుకెళ్ళి, పశువులపాక కిటికీలో పగిలిన అద్దం స్థానంలో బిగించేసింది.

జూలై 19, ఉదయం 5

జేబు నిండా అత్తయ్య ఎండబెట్టిన కురుత్ ఉండలు పోసుకున్నాను. ఉప్పుకి ఉప్పు, పెరుగుకి పెరుగు.

జూలై 19, సాయంత్రం 6

బూట్లు కూడా విప్పకుండా రాస్తున్నాను.

ఎనభై నలుగురం. అల్మాటీ నగరం నుంచి వచ్చినవాళ్ళ చేతుల్లో కర్రలు, కళ్ళకి రంగుల అద్దాలు. ఎక్కడం నాకు లెక్కలేదు, ఒక్కొక్కళ్ళనే దాటుకుంటూ పోయాను. బయల్దేరిన మూడు గంటల పది నిమిషాలకి కనుమ మీద ఉన్నాను.

కింద రాళ్ళవాలు. నేను పడ్డ నల్లబండ పైనుంచే కనిపించింది. నిలబడిపోయాను. నేను దాటినవాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి నన్ను దాటారు. ఎంతసేపో తెలీదు. చివరికి బిష్కెక్ నుంచి వచ్చిన నెరిసిన గడ్డం ఆయన వెనక ఆగి, అమ్మా, దిగుతున్నారా, దారిస్తారా అని మర్యాదగానే అడిగాడు.

దిగుతున్నానండీ అన్నాను. నోరు ముందు అనేసింది. కాళ్ళు తర్వాత విన్నాయి.

రాళ్ళు కదిలాయి. కదలనిచ్చాను. చుట్టూ వాన పడుతున్నట్టు చప్పుడు. మోకాళ్ళు వదులుగా, చేతులు రెక్కల్లా, ఒక్కో అడుగుకి రెండు బారలు జారుతూ. నల్లబండ ఎప్పుడు వెనకపడిందో తెలియలేదు. తెలిశాక గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. వాలు కింద వాగు దగ్గరికొచ్చేసరికి పదిహేడు మందిని దాటాను. తిరిగి చూస్తే గడ్డం ఆయన సగం దారిలో ఉన్నాడు, చెయ్యి ఊపాడు.

చివరి ఐదు కిలోమీటర్లు కట్టెల్లాంటి కాళ్ళతో. మొత్తం ఐదు గంటల ఇరవై ఒక్క నిమిషాలు. ఆడవాళ్ళలో ఆరోదాన్ని.

ముగింపు గీత దగ్గర ఎర్మెక్ ముందు నా చీలమండ చూశాడు, తర్వాత మొహం. నీళ్ళ సీసా మూత తిప్పుతూనే ఉన్నాడు, తియ్యడం మర్చిపోయి. అత్తయ్య మెడల్ని పంటితో కొరికి చూసి తన మెడలోనే వేసుకుంది. ఇప్పుడు వీధిలో ఉంది. ఇంటింటికీ చూపించి వస్తుందట.

జూలై 20

మా గుమ్మానికి రెండే మెట్లు. తొడలు పట్టేసి, వెనక్కి తిరిగి గోడ పట్టుకుని దిగాను.

జూలై 22

రేస్‌లో అందరికంటే పెద్దామెకి ఎన్నేళ్ళని అత్తయ్య అడిగింది. యాభై తొమ్మిది అన్నాను. ఊఁ అంది.

జూలై 27, ఉదయం 6

అత్తయ్య పరుపు ఖాళీ. ఆవు పాలు పితకలేదు. కిటికీలోంచి గుట్టకేసి చూశాను. తెల్ల తలరుమాలు ఒకటి, చాలా వేగంగా, కిందికి. వెనక దుమ్ము.