సంతకం లేని కవరు

1996 అక్టోబర్ 28

నేను రాస్తున్న మా కౌంటీ చరిత్ర పుస్తకంలో నాలుగవ అధ్యాయం ముగించాను. 1888లో కౌంటీ కేంద్రం ఎక్కడ ఉండాలన్న ఓటింగులో మా ఊరు హాల్‌బర్గ్‌కూ పక్క ఊరు ఎల్లెరీకీ సమానంగా ఓట్లు వచ్చాయి. జడ్జి తన టోపీలో రెండు చీటీలు వేయించి ఒకటి తీయించాడు. కోర్టు భవనం మాకు దక్కింది. ఎల్లెరీ ఉన్నచోట నేడు మొక్కజొన్న పండుతోంది. ఆ టోపీ మా కౌంటీ క్లర్క్ ఆఫీసు ముందు గాజుపెట్టెలో ఉంది. తాళంచెవి నా దగ్గరే.

నవంబర్ 1

పంతొమ్మిదేళ్లు ఇక్కడే డిప్యూటీ క్లర్కుగా పనిచేసి, నలభై ఏడవ యేట రాత్రి కళాశాల పట్టా పుచ్చుకుని, మొదటిసారి కౌంటీ క్లర్క్ పదవికి పోటీ చేస్తున్నాను. ప్రత్యర్థి దాణా కొట్టు డేల్ వూర్హీస్. గెలిస్తే నన్ను పనిలో ఉంచుకోడట. ఈ ఉదయం కౌంటరు మీదికి వంగి, ఏం పట్టభద్రురాలు గారూ, లెక్కపెట్టడం రాత్రి బడిలో నేర్పారా, మా కొట్లో కోడిపిల్లల్ని లెక్కపెట్టి పోదురుగాని రండి అన్నాడు. వరుసలో ఉన్నవారందరూ నవ్వారు. నేను అతని ట్రక్కు రిజిస్ట్రేషన్ కాగితం రెండుసార్లు సరిచూసి ఇచ్చాను.

నవంబర్ 5, మధ్యాహ్నం

ఈరోజే పోలింగు. పోస్టులో వచ్చిన ఓట్ల కవర్లు సరిచూసేది మా ఆఫీసే; అరవై ఒకటి వచ్చాయి. కవరు మీద ఓటరు సంతకం లేకపోతే ఓటు చెల్లదు. అలా లేనిది ఒక్కటే. నా భర్త మెర్ల్‌ది. పశువుల లారీతో బయలుదేరే తొందరలో మరిచాడు. ఆ కవరును నేను తప్ప ఎవరూ చూడలేదు.

ఒంటిగంటకు దారిలో ఏదో హోటలు నుంచి ఫోన్ చేశాడు. కవరు సంగతి చెప్పాను. ముప్పై ఏళ్లుగా బ్యాంకులో, పిల్లల బళ్లో నా సంతకం నువ్వే గీకుతున్నావు కదే, ఈ ఒక్కటీ గీకితే చెయ్యి అరిగిపోతుందా అన్నాడు. నిజమే. ఈ కౌంటీలో భర్త సంతకం పెట్టని భార్య లేదు.

పెన్ను మూత తీశాను. మూత పెట్టేశాను. మళ్లీ తీశాను.

నవంబర్ 5, మూడు గంటలు

కవరు మీద తిరస్కరణ ముద్ర వేశాను.

నవంబర్ 6

నాకు 412. డేల్‌కు 412.

మెర్ల్ తిరిగివచ్చాడు. అంకెలు విని, నా ఒక్కటీ పడుంటే గెలిచేదానివి కదే అన్నాడు. కాఫీ ముట్టకుండా కొట్టంలోకి వెళ్లిపోయాడు.

నవంబర్ 12

మళ్లీ లెక్కించారు. మార్పు లేదు. చట్టప్రకారం ఇక చీటీలే. ఎన్నికల బోర్డు పెద్ద ఓటిలీ క్రెంజ్ గారు, ఆ పాత టోపీయే పట్రావమ్మా, నీ పుస్తకానికి ఆఖరి అధ్యాయం కూర్చున్నచోటే దొరుకుతుంది అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. టోపీ దులిపాను. పురుగు కొట్టిన చిల్లులు ఏడు. కళ్లు మూస్తే ఎల్లెరీ మొక్కజొన్న చేలు కనిపిస్తున్నాయి.

నవంబర్ 15

డేల్.

మినిట్స్ పుస్తకంలో నేనే రాశాను. కొట్టివేతలు లేవు. సాక్షిగా ఎవరైనా ఒక ఓటరు సంతకం చేయాలన్నారు. వెనక బెంచీ నుంచి మెర్ల్ లేచి వచ్చాడు. మెర్ల్ అగస్టస్ హ్రుస్కా అని పూర్తి పేరు రాశాడు. అదిమి రాసినందువల్ల కింది పేజీ మీద కూడా అచ్చు పడింది. డేల్ పదవీ ప్రమాణం రాయవలసిన పేజీ అది.