కళింగపట్నం కెప్టెన్ ఇచ్చిన అద్దం

శ్రీకాకుళం పట్నవాసులందరికీ తెలియజేయు పరమ ముఖ్య విషయం: నేను బతికున్నా పోయినా మా డాబా మీద టెలిస్కోపు పక్కన ఎవరూ వడియాలు ఎండబెట్టరాదు. కాకులు వచ్చి గొట్టం మీదే కూర్చుంటున్నాయి.

ఇక వీలునామా. సైకిలు షాపు పొట్నూరు జగన్నాధం అను నేను, వయసు నలభై ఎనిమిది, థర్డు ఫారం తప్పినవాడిని, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్నది. మతి స్థిమితంగానే ఉంది, కాళ్లే ఒకచోట నిలవడం లేదు. సోమవారం విశాఖపట్నంలో నా కడుపు కోస్తారు. కూర్చుంటే లేవాలని, లేస్తే డాబా ఎక్కాలని, ఎక్కితే దిగాలని ఉంది.

1. ఇల్లు, షాపు నా భార్య తాయారుకు సర్వహక్కులతో దఖలు. "సుక్కలు సూసినోడికి సంసారం ఏటి కనపడతాది?" అని పదేళ్లు అన్నావు. కనపడింది తాయారూ. చెప్పలేదంతే.

2. డబ్బా కెమెరా, మూడేళ్ల కిందటి తోకచుక్క ఫొటో మిషన్ స్కూలు కృపానిధి మాస్టారికి. ఫొటోలో తోక వంకరగా ఉన్నది నా చెయ్యి కదలడం వల్ల. ఈ వీలునామా అమలుపరచవలసిందీ ఆయనే.

3. ప్లీడరు నరసింగరావుగారికి అగ్గిపెట్టెలో ఒక ఎండిన చీమ. నేను దీన్ని టెలిస్కోపులో అంటించి చూపిస్తే, చంద్రుడిలో పీత ఉందని ఆయన ఊరంతా చాటారు. నిజం తెలిశాక నాతో మాట మానేశారు. అందుకే వీలునామా నేనే రాసుకోవలసి వచ్చింది.

4. టెలిస్కోపు. ఈ పేరా రెండుసార్లు కొట్టివేశాను. అందులోని అద్దం 1957లో కళింగపట్నం రేవులో ఒక ఓడ కెప్టెన్ నాకు బహుమానంగా ఇచ్చాడని జిల్లా అంతా ఎరుగుదురు. ఏటేటా దానికి వెండిపూత పూసినవాడు నేను బావా అని పిలిచే అద్దాల షాపు ఎల్లాజీ. తోకచుక్క రోజుల్లో డాబా నిండా జనం ఉండగా, అతను పక్కనే నిలబడి ఉండగా, నేను కెప్టెన్ కథ చెప్పాను. ఆ రోజు దిగినవాడు మళ్లీ మా మెట్లెక్కలేదు. అద్దం మసకబారింది. కబురు పెడితే, "ఆ కెప్టెన్నే ఓడెక్కి వొచ్చి పుయ్యమను" అన్నాడట. టెలిస్కోపు, అద్దంతో సహా, ఎల్లాజీకి.

5. రెండో సాక్షి లేనిదే ఇది చెల్లదని మాస్టారు అంటున్నారు. ఆ సాక్షి సోమవారం లోగా డాబా ఎక్కి, అక్కడే సంతకం చేయవలెను.

శ్రీకాకుళం, 14 నవంబరు 1968
(సం.) పొట్నూరు జగన్నాధం

సాక్షులు:
1. కృపానిధి
2. ఇది ఎల్లాజీకి వదిలిన చోటు. మరొకరు వేలు పెట్టరాదు. బావా, కెప్టెన్ లేడు, ఓడా లేదు, అంతా నా కల్పన. కిరసనాయిలు పీపా మీద గాజు బిగించి, ఏడు నెలలు దాని చుట్టూ తిరుగుతూ, గాజు మీద గాజు రుద్ది ఆ అద్దం చేసినవాడివి నువ్వు. నేను నీళ్లు పోశానంతే.